పిచ్చుక నేల రాలిన వేళ: పక్షుల పెద్దాయన సలీం అలీ జీవితం



వికారాబాదు స్టేషనులోనో, తాండూరు స్టేషనులోనో రైలు దిగి ఇంటి దారి పట్టే మనం ఆ రైలు మార్గం ఎంత పాతదో ఆలోచించం. వాడి జంక్షను నుండి సికింద్రాబాదుకు వెళ్లే ఈ మార్గం 1874లో తెరవబడింది. నిజాం కాలంలో మన ప్రాంతాన్ని బొంబాయితో కలిపిన దారి ఇదే. ఆ బొంబాయి నుండి 1931లో ఒక బక్కపలచని మనిషి నిజాం రాజ్యానికి వచ్చాడు. ఆయన వ్యాపారం కోసం రాలేదు, ఉద్యోగం కోసం రాలేదు. ఈ రాజ్యంలో ఎన్ని రకాల పక్షులు ఉన్నాయో, ఎక్కడెక్కడ ఉన్నాయో లెక్క రాయడానికి వచ్చాడు. ఆయన పేరు సలీం అలీ.

అడవి జంతువుల గురించి, పక్షుల గురించి మనకెందుకు, మన బాధలు మనకు చాలవా అని కొందరు అడుగుతారు. పంట మీద పడే అడవిపందులనూ నెమళ్లనూ చూసి విసిగిపోయిన రైతు ఆ మాట అంటే తప్పు పట్టలేం. అయినా సృష్టి పట్ల మన బాధ్యత ఏమిటి, జీవహింస ఎక్కడ అవసరం, ఎక్కడ పాపం అన్న ప్రశ్నలు విశ్వాసులమైన మనల్ని వదిలిపెట్టవు. ఆ ప్రశ్నలతోనే తొంభై ఏళ్లు బతికిన మనిషి జీవితం ఈ వారం చెప్పుకుందాం. ఆయన మన మతస్థుడు కాదు. కానీ ఆయన జీవితానికి మన సువార్తతో ఒక ముడి ఉంది. అదేమిటో చివరికి మీకే తెలుస్తుంది.

తల్లిదండ్రులు లేని బాలుడు

సలీం అలీ 1896 నవంబరు 12న బొంబాయిలో ఒక సులేమానీ బోహ్రా ముస్లిం కుటుంబంలో జన్మించారు. పదిమంది సంతానంలో ఆఖరివాడు. ఏడాది నిండేసరికి తండ్రి పోయాడు, మూడేళ్లకు తల్లి పోయింది. పిల్లలు లేని మేనమామ అమీరుద్దీన్ తయ్యబ్జీ, ఆయన భార్య హమీదా బేగం ఈ పిల్లలను ఖేత్వాడీలోని తమ ఇంటిలో పెట్టుకొని పెంచారు. మేనమామకు వేట అంటే ప్రాణం. ఆ ఇంటిలో వేట ముచ్చట్లు అన్నం కూరల లాగా నిత్యం వడ్డించబడేవి. మేనల్లునికి ఒక చిన్న గాలి తుపాకి ముద్దుగా కొనిచ్చాడు. మన పల్లెల్లో పిల్లవానికి గులేరు దొరికితే ఏం చేస్తాడో సలీం కూడా అదే చేశాడు. కనిపించిన పిచ్చుకనల్లా కొట్టాడు.

తొమ్మిది పదేళ్ల వయస్సులో ఆయన చేసిన ఒక పని ఉంది. గుర్రపు శాలలో గోడకు ఉన్న రంధ్రంలో ఒక పిచ్చుక జంట గూడు పెట్టింది. ఆడది లోపల గుడ్ల మీద కూర్చుంటే మగది బయట కాపలా కాసేది. సలీం ఆ మగదాన్ని కొట్టాడు. కొద్దిసేపటికే ఇంకొక మగ పిచ్చుక వచ్చి అదే చోట కూర్చుంది. దాన్నీ కొట్టాడు. ఇట్లా ఏడు రోజులలో ఎనిమిది మగ పిచ్చుకలు పోయాయి. ప్రతిసారీ ఆ ఆడ పిచ్చుకకు కొత్త తోడు దొరికింది. ఆ బాలుడు ఈ సంగతిని కాగితం మీద రాసి పెట్టుకున్నాడు. ఆయన పక్షుల గురించి రాసిన మొదటి రాత అదే. పెద్దయ్యాక దాన్ని దాచలేదు, అచ్చు వేయించారు. అందులో పిల్లల క్రూరత్వమూ ఉంది, శాస్త్రవేత్త కన్నూ ఉంది. రెండూ ఒకే మనిషిలో పుట్టాయని ఒప్పుకోవడమే ఆయన నిజాయితీ.

కొంతకాలానికి ఆయన కొట్టిన ఒక పిచ్చుక గొంతు కింద పసుపు మచ్చ కనిపించింది. మామూలు పిచ్చుకకు అట్లా ఉండదు. తినవచ్చో లేదో తెలియక మేనమామకు చూపించాడు. ఆయనకూ తెలియలేదు. చీటీ రాసి ఇచ్చి బొంబాయి నేచురల్ హిస్టరీ సొసైటీ కార్యదర్శి మిలార్డు దొర దగ్గరకు పంపించాడు. దొరల కార్యాలయం అంటే పిల్లవానికి వణుకు. కానీ మిలార్డు కసురుకోలేదు. ఆ పిట్ట పేరు చెప్పి, బీరువాలు తెరిచి, దూది నింపి భద్రపరచిన వందల పక్షులను చూపించాడు. చదువుకోమని పుస్తకాలు ఇచ్చాడు. తుపాకితో వెళ్లిన పిల్లవాడు పుస్తకంతో ఇంటికి వచ్చాడు. ఒక పెద్దమనిషి ఒక అరగంట ఓర్పుగా కూర్చుంటే ఒక పిల్లవాని దారి ఎట్లా మారుతుందో చూడండి.

ఒక యేసుసభ గురువు చేసిన మేలు

సలీం చదువులో వెనుకబడ్డాడు. తలనొప్పులు వేధించేవి. 1913లో మెట్రిక్యులేషను గట్టెక్కి బొంబాయి సెయింట్ జేవియర్స్ కళాశాలలో చేరినా మొదటి సంవత్సరం దాటలేక బర్మాలోని టవాయ్‌కి, అన్నల గనుల, కలప వ్యాపారం చూసుకోవడానికి వెళ్లిపోయాడు. అక్కడా లెక్కల పుస్తకం కన్న అడవే ఎక్కువ చూశాడు. 1917లో తిరిగి వచ్చి వాణిజ్యం చదవడం మొదలుపెట్టాడు. మనసు మాత్రం పిట్టల మీదే.

అప్పుడు ఆయనను గుర్తించింది సెయింట్ జేవియర్స్ కళాశాలలోని ఫాదర్ ఎథెల్బర్ట్ బ్లాటర్‌గారు. స్విట్జర్లాండులో పుట్టిన ఈ యేసుసభ గురువు గొప్ప వృక్ష శాస్త్రవేత్త. ఉదయం వాణిజ్య తరగతులు ఉన్నా సరే, జేవియర్స్‌లో జంతుశాస్త్రం కూడా చదువుకోమని ఆ యువకుని ప్రోత్సహించారు. ఆ గురువు శిష్యుని మతం అడగలేదు, మార్కులు లెక్కపెట్టలేదు. దేవుడు అతనిలో పెట్టిన ఆసక్తిని చూశారు. బ్లాటర్‌గారి పేరు మీద ఆ కళాశాలలో ఎండబెట్టి దాచిన మొక్కల భాండాగారం నేటికీ ఉంది. మిలార్డు, బ్లాటర్ ఇద్దరూ కలిసి భారతదేశపు అందమైన చెట్ల మీద ఒక పుస్తకం కూడా రాశారు. సలీం అలీకి తలుపు తెరిచిన ఇద్దరూ సృష్టిని ప్రేమించినవారే.

1918లో సలీంకు తెహ్మీనా బేగంతో వివాహం జరిగింది. డిగ్రీ లేదన్న కారణంతో ప్రభుత్వ జంతు సర్వేక్షణ సంస్థలో ఉద్యోగం రాలేదు. 1926లో బొంబాయి మ్యూజియంలో నెలకు 350 రూపాయల జీతం మీద సందర్శకులకు వివరించే కొలువు దొరికింది. రెండేళ్లకు సెలవు పెట్టి జర్మనీ వెళ్లి, బెర్లిను విశ్వవిద్యాలయ మ్యూజియంలో స్ట్రెస్‌మాన్ అనే మహా పండితుని దగ్గర పక్షి శాస్త్రం నేర్చుకున్నారు. 1930లో తిరిగి వచ్చేసరికి డబ్బు లేదని ఆ కొలువే ఎత్తివేశారు. ముప్పై మూడేళ్ల వయస్సు, చేతిలో పని లేదు.

దంపతులు సముద్రం అవతల కిహీం అనే పల్లెలో చిన్న ఇంటికి మకాం మార్చారు. ఇంటి దగ్గర చెట్టుకు గిజిగాళ్లు గూళ్లు అల్లుతున్నాయి. పని లేని మనిషి పొద్దున నుండి సాయంత్రం దాకా ఆ గూళ్లనే చూస్తూ కూర్చున్నాడు. మగ గిజిగాడు గూడు సగం అల్లి ఆగుతుందనీ, ఆడది వచ్చి గూడును పరీక్షించి నచ్చితేనే కాపురానికి ఒప్పుకుంటుందనీ, ఆ తరువాతనే మగది గూడు పూర్తి చేసి, ఇంకొకచోట మళ్లీ కొత్త గూడు మొదలుపెడుతుందనీ కనిపెట్టాడు. ఆ వ్యాసం ఆయనకు పేరు తెచ్చింది. ఈసారి చేతిలో తుపాకి లేదు. ఓపిక ఉంది, రాసుకునే పుస్తకం ఉంది.

నిజాం రాజ్యంలో పక్షుల లెక్క

ఉద్యోగం లేకపోతే ఏం, పని లేకుండా ఎందుకు ఉండాలి అనుకున్నారు సలీం అలీగారు. దేశంలోని సంస్థానాలలో పక్షుల లెక్క ఎవరూ సరిగా తీయలేదు. తనకు జీతం వద్దు, ప్రయాణపు ఖర్చు, డేరాల ఖర్చు ఇస్తే చాలు, ఆ పని చేసి పెడతానని సొసైటీ ద్వారా సంస్థానాలకు తెలియజేశారు. అందుకు ముందుగా ఒప్పుకున్న వాటిలో హైదరాబాదు సంస్థానం ఒకటి. 1931, 1932 సంవత్సరాలలో ఆ సర్వే జరిగింది. నేటి తెలంగాణ, మరాఠ్వాడా, కర్ణాటకలోని కళ్యాణ ప్రాంతం కలిసిన పెద్ద రాజ్యం అది. అప్పట్లో మన తాండూరు గుల్బర్గా జిల్లాలో తాలూకా. 1956లోనే ఆంధ్రప్రదేశ్‌లో కలిసింది.

అడవులలో డేరాలు, ఎడ్లబండ్ల ప్రయాణం, దోమలు, మలేరియా భయం. ఇంగ్లండులో చదువుకున్న తెహ్మీనాగారు పట్నం సుఖాలు వదిలి భర్త వెంట తిరిగారు. డేరాలో ఇల్లు నడిపారు, రాతపనిలో సాయపడ్డారు. ఆ సర్వే వివరాలు 1933, 1934లలో సొసైటీ పత్రికలో భాగాలుగా వెలువడ్డాయి. మన నేల మీద ఏ పిట్ట ఎక్కడ ఉండేదో ఈనాటి పరిశోధకులు పోల్చి చూసుకోవడానికి ఆధారం అదే. ఆ తరువాత కొచ్చిను, తిరువాన్కూరు, గ్వాలియరు, ఇండోరు, భోపాలు సంస్థానాలలోనూ ఇదే పని చేశారు.

ఇక్కడ ఒక్క సంగతి దాచకుండా చెప్పాలి. ఆ సర్వేలో తుపాకి ఉంది. ఒక్కొక్క జాతి నుండి కొన్ని పక్షులను కాల్చి, చర్మం తీసి, దూది నింపి, చీటీ కట్టి మ్యూజియంకు పంపేవారు. ఆనాడు శాస్త్రం నడిచిన పద్ధతి అది. పక్షులను అంతగా ప్రేమించే మీరు వాటిని ఎట్లా చంపారని ఆయనను చాలామంది అడిగారు. ఆయన జవాబు దాటవేయలేదు. అకారణంగా ప్రాణం తీయడం తనకు అసహ్యమనీ, అది శిక్షార్హమైన దుర్మార్గమనీ, అయితే శాస్త్రానికి కొన్నింటిని బలి ఇవ్వక తప్పదనీ ఆయన నమ్మారు. ఆ మాటతో మనం పూర్తిగా ఏకీభవించనక్కరలేదు. ఈనాడు కెమెరాలు, శబ్దం పట్టే యంత్రాలు, కాళ్లకు వేసే ఉంగరాలు వచ్చాక చంపవలసిన అవసరం చాలా తగ్గింది. కానీ ఆయన గీసిన గీత గమనించదగినది. అవసరం వేరు, వినోదం వేరు.

ఆ వినోదం ఏ మేరకు పోయిందో తెలియాలంటే రాజస్థానులోని భరత్‌పూరుకు వెళ్లాలి. అక్కడి చిత్తడి నేలలో 1938 నవంబరు 12న వైస్రాయి లిన్లిత్‌గో దొర వేట బృందం ఒక్క రోజులో 4,273 పక్షులను కాల్చింది. ఆ అంకెను ఘనకార్యంగా రాతి మీద చెక్కించారు. ఆ రాయి నేటికీ ఉంది. ఆ రోజు సలీం అలీగారి నలభై రెండవ పుట్టినరోజు. మన నిజాం రాజ్యంలో కూడా ప్రభువులు, నవాబులు పులులను చంపిన లెక్కను గొప్పగా చెప్పుకున్న కాలం అది.

దుఃఖం, తరువాత పని

1939లో చిన్న శస్త్రచికిత్స తరువాత తెహ్మీనాగారు మరణించారు. వారికి పిల్లలు లేరు. ఆ దెబ్బకు ఆయన కూలిపోయారు. చెల్లాచెదరైన మనసును చెల్లెలి వంటి అక్క కమూ, బావగారు తమ ఇంటిలో పెట్టుకొని ఆదరించారు. చిన్నప్పుడు అనాథగా మేనమామ ఇల్లు చేరినవాడు, నడివయస్సులో మళ్లీ తోబుట్టువు ఇల్లు చేరాడు. బంధువుల ఆదరణే ఆయనను రెండుసార్లు నిలబెట్టింది.

1941లో ఆయన రాసిన భారతదేశపు పక్షుల పుస్తకం వెలువడింది. సామాన్యుడు చేతిలో పట్టుకొని, పొలం గట్టున నిలబడి పిట్టను గుర్తుపట్టగలిగే పుస్తకం అది. తరువాత అమెరికా శాస్త్రవేత్త డిల్లాన్ రిప్లీతో కలిసి భారత ఉపఖండపు పక్షుల మీద 10 సంపుటాల గ్రంథం పూర్తి చేశారు. 1968 నుండి 1974 దాకా ఆ సంపుటాలు వెలువడ్డాయి. 1958లో పద్మభూషణ్, 1976లో పద్మవిభూషణ్ వచ్చాయి. గెట్టి వన్యప్రాణి రక్షణ బహుమతి కూడా వచ్చింది. ఆ డబ్బుతో ఆయన ఇల్లు కట్టుకోలేదు. ప్రకృతి రక్షణ కోసం నిధిగా పెట్టారు. 1985లో రాజ్యసభకు నియమింపబడ్డారు.

భరత్‌పూరు నీటిని మళ్లించి పొలాలు చేయాలన్న ఆలోచన వచ్చినప్పుడు ఆ తావును కాపాడమని నెహ్రూగారి దాకా వెళ్లిన వారిలో సలీం అలీగారు ముఖ్యులు. కేరళలోని సైలెంట్ వ్యాలీ అడవి విద్యుత్తు ఆనకట్ట కింద మునిగిపోకుండా ఉండటానికి గొంతు కలిపిన పెద్దలలో ఆయన ఒకరు. ఆ అడవి 1984లో జాతీయ పార్కుగా ప్రకటించబడింది.

మన తెలుగు నేలకూ ఆయనకూ మరొక రెండు లంకెలు ఉన్నాయి. జాతీయ పక్షిని ఎన్నుకునే రోజులలో ఆయన బట్టమేక పిట్ట పేరు చెప్పారు. అది అంతరించిపోతున్నది, ఆ గౌరవంతోనైనా బతుకుతుందని ఆయన ఆశ. 1963లో నెమలి ఎన్నికైంది. ఈనాడు నెమళ్లు మన కందిచేలలో దండిగా తిరుగుతున్నాయి. బట్టమేక పిట్ట కోసమే 1988లో కర్నూలు జిల్లా రోళ్లపాడులో అభయారణ్యం పెట్టినా, అక్కడ ఆ పిట్ట దాదాపు కనుమరుగైంది. రెండవది కలివికోడి. 1900 తరువాత ఎవరి కంటా పడని ఆ పిట్ట పూర్తిగా నశించిందనుకున్నారు. 1986 జనవరిలో కడప జిల్లా సిద్ధవటం దగ్గర బొంబాయి సొసైటీ వారి వెతుకులాటలో అది మళ్లీ దొరికింది. దొరకబట్టినది పట్నం పండితుడు కాదు, రాత్రివేళ అడవిలో తిరిగే స్థానిక వేటగాడు. సృష్టి గురించిన జ్ఞానం పేదవాని దగ్గర కూడా ఉంటుందని ఆ సంఘటన చూపింది.

పెద్దవారి పొరపాటు

మహానుభావుల జీవితాలు రాసేటప్పుడు పొరపాట్లు దాచడం న్యాయం కాదు. 1982లో భరత్‌పూరును జాతీయ ఉద్యానవనంగా ప్రకటించి, చుట్టుపక్కల గ్రామాల బర్రెలను లోపలకు రానివ్వకుండా నిషేధించారు. పశువుల మేత పక్షులకు హాని చేస్తుందని శాస్త్రవేత్తలు అనుకున్నారు. సలీం అలీగారూ ఆ పక్షమే. తరతరాలుగా అక్కడ మేపుకుంటున్న పల్లె జనం ఎదురు తిరిగారు. పోలీసు కాల్పులలో కొందరు గ్రామస్థులు చనిపోయారు. ఆ తరువాత అదే బొంబాయి సొసైటీ ఏళ్ల తరబడి చేసిన పరిశోధనలో తేలినదేమిటి? బర్రెలు లేకపోయేసరికి నీటిలో గడ్డి విపరీతంగా పెరిగి, కొన్ని నీటి పక్షులకు తావు లేకుండా పోయింది. బర్రె శత్రువు అనుకున్నారు. కొంతవరకు అది స్నేహితురాలే.

ఆ లోపాన్ని ఆయన సంస్థే బయటపెట్టి అచ్చు వేయడం గొప్ప విషయం. కానీ పోయిన ప్రాణాలు తిరిగి రాలేదు. పిట్టను ప్రేమించడం పేదవానిని దూరం చేయడం కారాదు. భూమి మొర, పేదవాని మొర రెండూ ఒకటేనని పోపు ఫ్రాన్సిస్‌గారు 2015లో విడుదల చేసిన విశ్వలేఖలో శ్రీసభ మనకు నేర్పింది ఇదే.

సలీం అలీగారు 1987 జూను 20న తొంభై ఏళ్ల వయస్సులో బొంబాయిలో కన్నుమూశారు. అంతకు రెండేళ్ల ముందు ఆత్మకథ రాశారు. దానికి ఆయన పెట్టిన పేరుకు అర్థం పిచ్చుక నేల రాలడం. ఆ మాట ఇంగ్లీషు నాటకకర్త షేక్‌స్పియరు హామ్లెట్ నాటకంలో వాడినది. షేక్‌స్పియరుకు అది ఎక్కడిది? మత్తయి సువార్త 10వ అధ్యాయం నుండి. అంగడిలో కాసుకు రెండు చొప్పున అమ్ముడయ్యే పిచ్చుకలలో ఒక్కటైనా తండ్రికి తెలియకుండా నేల రాలదని ప్రభువు శిష్యులకు బోధించిన చోటు అది. ఒక ముస్లిం వృద్ధుడు తన బతుకంతటికీ పెట్టుకున్న పేరు మన ప్రభువు మాటలో నుండి పుట్టింది. ముందు చెప్పిన ముడి ఇదే.

మన ఊళ్ల సంగతి

ప్రభువు ఆ మాట మనుష్యుని విలువ చెప్పడానికి అన్నాడు. మనుష్యుడు అనేక పిచ్చుకలకన్న విలువైనవాడు. నిజమే. కానీ ఆ పోలికలోనే ఇంకొక సంగతి కూడా ఉంది. అంగడిలో కాసు విలువ చేయని పిట్టకు కూడా తండ్రి లెక్కలో చోటు ఉంది. 1992లో వెలువడిన కతోలిక శ్రీసభ సత్యోపదేశం ఈ రెంటినీ కలిపి చెబుతుంది. ఆహారానికీ బట్టకూ జంతువులను వాడుకోవచ్చు, పనికి తిప్పుకోవచ్చు. కానీ అనవసరంగా వాటిని బాధించడం, చంపడం మానవ గౌరవానికే విరుద్ధం. అస్సీసి పునీత ఫ్రాన్సీసువారిని 1979లో పర్యావరణాన్ని కాపాడేవారికి పాలకపునీతునిగా రెండవ జాన్ పాల్ పోపుగారు ప్రకటించారు.

మరి మన వికారాబాదు, తాండూరు ప్రాంతాలలో ఇది ఏ రూపంలో వస్తుంది?

మొదటిది పొలం. తాండూరు కందికి 2022లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. మనకు గర్వకారణం. ఆ కందికి పెద్ద శత్రువు కాయ తొలిచే పచ్చపురుగు. ఆ పురుగును ఏరి తినే పసులపోలిగాడు, గోరింక, పాలపిట్ట మన కూలి అడగని కూలీలు. చేనులో అక్కడక్కడ అడ్డకర్ర కట్టిన గుంజలు పాతితే అవి వచ్చి వాలి పురుగులను పట్టుకుంటాయని వ్యవసాయ శాస్త్రవేత్తలు ఎంతో కాలంగా చెబుతున్నారు. విషం చల్లేముందు ఈ గుంజ పాతితే ఖర్చూ తగ్గుతుంది, ప్రాణాలూ మిగులుతాయి.

అదే పొలంలో నెమళ్లు, అడవిపందులు చేసే నష్టం కూడా నిజమే. రాత్రంతా మంచె మీద మేలుకొన్న రైతుకు కరుణ గురించి ఉపన్యాసం ఇవ్వడం సులభం. అతనికి నష్టపరిహారం సకాలంలో ఇప్పించడం, దరఖాస్తు రాసి పెట్టడం, కాపలాకు తోడు వెళ్లడం కష్టం. మన విచారణలోని చదువుకున్న యువకులు చేయవలసింది ఆ కష్టమైన పని. అయితే విషం కలిపిన గింజలు చల్లడం, కంచెకు దొంగచాటుగా కరెంటు తీగ కట్టడం మాత్రం ఎవరికీ తగదు. 1972 వన్యప్రాణి రక్షణ చట్టం కింద అది నేరం. అంతకన్న ముఖ్యం, ఆ తీగ పందినీ మనిషినీ వేరుగా చూడదు. తెల్లవారుజామున నీళ్లు కట్టడానికి వెళ్లిన పక్క పొలం రైతు దానికి బలైతే, దేవుని ముందు మనం ఏమి జవాబు చెప్పగలం?

రెండవది పండుగలు. దసరా రోజున పాలపిట్టను చూస్తే శుభమని మన ఇరుగుపొరుగు వారి నమ్మకం. అది తెలంగాణ రాష్ట్ర పక్షి కూడా. స్వేచ్ఛగా తీగ మీద కూర్చున్న పిట్టను చూడటంలో తప్పేముంది? కానీ కొందరు రెక్కలు కట్టి, పంజరంలో పెట్టి పట్నం వీధులలో తిప్పుతారు. డబ్బిచ్చి చూసేవారు ఉన్నంతకాలం పట్టేవారు ఉంటారు. సంక్రాంతికి గాజుపొడి పూసిన చైనా మాంజా అనే నైలాను దారం నిషేధించబడినా అక్కడక్కడ దొరుకుతూనే ఉంది. దానికి చిక్కి పిట్టలు రెక్కలు తెగి చెట్లకు వేలాడతాయి. బండి మీద వెళ్లే మనుష్యుల మెడలూ తెగాయి. మన పిల్లలకు నూలు దారం కొనివ్వడం తల్లిదండ్రుల చేతిలో ఉన్న పని.

మూడవది అడవి. మూసీ నది పుట్టిన అనంతగిరి మన గుమ్మం ముందు ఉంది. ఆదివారం విహారానికి వచ్చేవారు వదిలిన ప్లాస్టికు సంచులు, సీసాల ముక్కలు కోతుల నోళ్లలో, జింకల కాళ్లలో దిగుతున్నాయి. పూడూరు మండలం దామగుండం అడవిలో 2,900 ఎకరాలలో నౌకాదళ రాడారు కేంద్రానికి 2024 అక్టోబరు 15న శంకుస్థాపన జరిగింది. దేశ రక్షణకు అవసరమని ప్రభుత్వం అన్నది. చెట్లు, పక్షులు, మూసీ పుట్టుక ఏమవుతాయని స్థానికులు, ప్రకృతి ప్రేమికులు అడిగారు. ఇటువంటి విషయంలో క్రైస్తవుడు ఏ పక్షాన నిలవాలని నన్ను అడిగితే, ముందు లెక్క అడిగే పక్షాన అంటాను. ఎన్ని చెట్లు పోతున్నాయి, వాటి బదులు ఎక్కడ నాటుతున్నారు, నాటినవి బతికాయా? సలీం అలీగారు తొంభై ఏళ్లు చేసింది అదే. ప్రేమ ఉంటే చాలదు, లెక్క తెలియాలి. లెక్క తెలియని ప్రేమ భరత్‌పూరులో పొరపాటు చేసింది. ప్రేమ లేని లెక్క 4,273 అని రాతి మీద చెక్కింది.

తల్లిదండ్రులకు ఒక మాట. మీ పిల్లవాడు గులేరుతో ఒక పిట్టను కొట్టి ఇంటికి తెస్తే చెంప మీద కొట్టి ఊరుకోకండి. ఆ పిట్టను అరచేతిలో పెట్టి దాని పేరు ఏమిటో, ఏమి తింటుందో, దాని గూడు ఎక్కడో అడగండి. మీకు తెలియకపోతే బడిలో మాస్టారు దగ్గరకు పంపండి. ఆ ఇంటి గాలి తుపాకి ముందు ఒక మిలార్డు, ఒక ఫాదర్ బ్లాటర్ నిలబడ్డారు కాబట్టే దేశానికి ఒక సలీం అలీ దొరికాడు. మీ ఇంటి గులేరు ముందు నిలబడవలసింది మీరే.

వచ్చే అక్టోబరు 4న పునీత ఫ్రాన్సీసువారి పండుగ నాటికి గుడి ఆవరణలో ఒక మట్టి మూకుడులో నీళ్లు పెట్టి, మన ఊరిలో వాలే పిట్టల పేర్లను పిల్లల చేత ఒక నోటుపుస్తకంలో రాయిద్దాం. ఎన్ని పేర్లు వస్తాయో చూద్దాం. నేల రాలిన పిచ్చుకను ఎరిగిన తండ్రి, దాన్ని రాలకుండా ఆపిన చిన్న చేతులను కూడా ఎరుగును.